తోడు గడిలో పేరు

చిన్నతల్లీ, ఈ ఉత్తరం తెరవగానే కంప్యూటరు నిన్నొక మాట అడిగి ఉంటుంది. ఇందులో వేరే ఫైలుతో ముడిపడ్డ లింకులున్నాయి, అక్కడి కొత్త సమాచారం తెచ్చుకోమంటావా అని. నువ్వేం నొక్కావు? యెస్సా, నోనా?

నో నొక్కి ఉంటే ఈ వరస నాకు కనిపించినట్టే నీకూ కనిపిస్తుంది:

దర్జీ మామయ్య – కంటి ఆసుపత్రి – తోడు: అమ్మ

దాన్ని అలాగే ఉంచి మిగతాది చదువు.

మా చిన్నదానికి ప్రభువు పేరిట నాన్న దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ‘మేమంతా’ అని అలవాటు కొద్దీ టైపు అయిపోయింది. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. చెరిపేద్దామని మీట మీద వేలు పెట్టి, వేలు వెనక్కి తీసుకున్నాను. ఉండనీ.

తింటున్నావా నాన్నా అని అడిగావు. తింటున్నాను. ఏం తిన్నానో తర్వాత గుర్తుండదు, అంతే. భుజం నొప్పి తగ్గింది. లిఫ్టుల పని ఎప్పటిలాగే ఉంది. మొన్న మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్న లిఫ్టులోంచి ఒక పెద్దాయన్ని దింపాను. పూర్వమైతే తలుపు తెరిచేలోపు ఆయనకి రక్షణ గురించి సగం ప్రసంగం అయిపోయేది. “నీ వాక్యానికి ఇరుక్కున్న లిఫ్టే సరైన చోటు, లేచిపోయేవాడు ఉండడు” అనేది కదా మీ అమ్మ. ఈసారి నేనేమీ చెప్పలేదు. ఆయనే “అయ్యా, మీకు ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగి వెళ్ళాడు.

వాక్యం చెబుతున్నావా అని అడిగావు. చెబుతున్నాను. గొంతు లేస్తోంది, బల్ల గుద్దుతున్నాను, సంఘం ఆమెన్ అంటోంది. కానీ అదంతా పక్క గదిలో ఎవరో అరుస్తున్నట్టు ఉంటోంది నాకు. మొన్న ఆదివారం తెల్లారగానే ప్రభువు సమాధి చూడబోయిన స్త్రీల గురించి చెప్పాను. ఆ రాయి ఎవరు దొర్లిస్తారో తెలియకపోయినా వాళ్ళు బయల్దేరారు, మీరెందుకు కూర్చున్నారని గర్జించాను. ఇంటికొచ్చి నేను కూర్చున్నాను.

ఇక నీ చివరి ప్రశ్న. దాన్ని ఇందాకటి నుంచీ పక్కన పెడుతూ వచ్చాను. “షీట్లో అమ్మ పేరు ఎప్పుడో మార్చాను కదా నాన్నా, ప్రార్థన హాలు తలుపు మీది పేపర్లో ఇంకా అలాగే ఉందని పిన్ని చెప్పింది, లింకు తెగిపోయిందా?” అని.

లింకు తెగలేదు తల్లీ. నువ్వు నేర్పింది నేను మరిచిపోలేదు. ఎక్సెల్ షీట్లో గడిని కాపీ చేసి, వర్డులో మామూలుగా అతికిస్తే అది నరికి తెచ్చిన కొమ్మ, లింకుగా అతికిస్తే తీగలో ఉన్న కొమ్మ. ఈ పోలిక నాదే. దాని మీద గంటసేపు ప్రసంగం కూడా చేశాను, మీ అమ్మ ముందు వరసలో కూర్చుని నవ్వు ఆపుకుంది. రోగి ఎవరు, ఎక్కడున్నారు, తోడు ఎవరు వెళ్ళాలి, అన్నీ నీ షీట్లో ఉంటాయి. నేను శనివారం పత్రం తెరిచి, యెస్ నొక్కి, ప్రింటు తీసి తలుపుకి అంటిస్తాను. పేపర్లో ఎవరి పేరుంటే వాళ్ళే వెళ్ళాలి. మన సంఘంలో దానికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

మీ అమ్మని సాగనంపి వచ్చాక మొదటి శనివారం పత్రం తెరిచాను. అది అడిగింది. నేను నో నొక్కాను.

ప్రతి శనివారం నో నొక్కుతూనే ఉన్నాను. మన మాట అవునైతే అవునని, కాదైతే కాదని ఉండాలని ఇన్నేళ్ళు ఊదరగొట్టిన నోరు నాది. జ్వరాలు తగ్గినవాళ్ళనీ, ఇళ్ళు మారినవాళ్ళనీ నీ షీటు పక్కన పెట్టుకుని చేత్తో దిద్దాను. ఆ ఒక్క గడినీ ముట్టుకోలేదు. అది చూసినవాళ్ళంతా నా ముఖం చూసి ఊరుకున్నారు.

దర్జీ మామయ్య ఆపరేషను రోజు ఎవరూ వెళ్ళలేదు. తోడు లేకుండా ఆపరేషను చెయ్యం అన్నారట. పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టి పంపేశారు. ఉన్న ఒక్క కంట్లో ఒత్తిడి పెరిగిపోతోంది. రేపు పొద్దున మళ్ళీ రమ్మన్నారు. రేపు కూడా దాటితే ఆ చూపు నిలవదని డాక్టరు చెప్పేసింది.

మన సంఘం ప్లంబరుని నిలదీశాను. షీట్లో నువ్వు పెట్టింది అతని పేరే కదా.

“నా పేరా? నాకెలా తెలుస్తుందన్నా? పేపర్లో వదిన పేరుంటే, వదిన బదులు నువ్వే వెళ్తున్నావనుకున్నాం. ఆ మాట నీతో ఎవడంటాడు?” అన్నాడు. పనిముట్ల సంచి సర్దుకుంటూ, “రేపు పెద్ద బిల్డింగులో నీళ్ళ పని ఒప్పుకున్నాను. నేను రాకపోతే అందరికీ కుళాయిలు బంద్” అన్నాడు.

దర్జీ మామయ్య దగ్గరికి వెళ్ళాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. సూదిలో దారం ఎక్కించబోయి, నా అడుగుల చప్పుడు విని ఆపాడు.

“ఎవరు, బావా?”

“నేనే. రేపు నేనొస్తాను నీతో.”

“ఆరోజూ వస్తావనే కూర్చున్నాను. చెల్లెమ్మ పేరు కొట్టెయ్యలేదంటే ఆసుపత్రిలో తోడు కుర్చీలో నువ్వే కూర్చుంటావనుకున్నాను.”

“రేపు తప్పకుండా వస్తాను బావా. ప్రభువు సాక్షిగా.”

“ఆయన్ని మధ్యలోకి లాగకు. పక్కింటావిడ సాయంత్రం హాలు వైపు వెళ్తుంది. పేపర్లో ఉన్నది చదివి చెప్పమన్నాను. బతికున్నవాళ్ళ పేరుంటే బయల్దేరతాను. లేకపోతే ఇంకోసారి ఆ బెంచీ మీద కూర్చునే ఓపిక నాకు లేదు.”

నా నోటి మాట ఇన్నేళ్ళలో ఎవరూ కాదనలేదు. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చి వచ్చేశాను.

ఆ పేరు నేనే కావాలని ఉంచుకున్నానేమోనని, ఒక్క లింకుకి తాళం వేసి మిగతావి మార్చుకునే పద్ధతి ఉందని కూడా నువ్వు రాశావు. మంచి మనసుతోనే రాశావు. వద్దమ్మా. దానికి తాళం వేస్తే నేను జన్మలో తియ్యను. పోనీ ఆ పేరు మీద నా పేరు టైపు చేద్దామని కూర్చున్నాను. చెరపాల్సింది నా చేత్తోనే కదా, కుదరలేదు. నువ్వు షీట్లో మార్చు. అది దానంతట అది రావాలి.

ఆ గడిలో ప్లంబరు పేరు తీసెయ్యి. ‘నాన్న’ అని రాయి. సంఘంలో అందరూ నన్ను పిలిచే పేరు కాదు, నువ్వు పిలిచేదే రాయి. మీ అమ్మ కూర్చున్న చోట ఆ మాటే ఉండనీ, ఎవరో అందరికీ తెలుస్తుంది. రాసి సేవ్ చేసి వెంటనే నాకు ఫోన్ చెయ్యి. నేను పత్రం తెరుస్తాను, అది అడుగుతుంది. నువ్వు లైన్లోనే ఉండు. “నొక్కు నాన్నా” అను. పక్కింటావిడ హాలు దాటేలోపు ఆ పేపరు తలుపు మీద ఉండాలి.

చదివాక తర్వాత చూద్దామని పక్కన పెట్టకు తల్లీ. పక్కన పెట్టడం నాకు బాగా తెలుసు. ఈ ఉత్తరం మూసెయ్యి, షీటు తెరువు, ఇవాళే, ఇప్పుడే రాయి.

ఇట్లు,
ఫోను పక్కన కూర్చున్న
మీ నాన్న