వీడియోలో ముందు భాగం

నాంపల్లి,
ఆదివారం.

నాన్నకు మీ జయమణి వందనాలు. దేవుని దయవల్ల మేమిక్కడ బాగానే ఉన్నాం. మీరూ, చెల్లె సోఫియా అక్కడ బాగున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. దగ్గు గురించి రాశారు కాని, మెదక్ పోయి డాక్టరుకు చూపించుకున్నదీ లేనిదీ రాయలేదు. చెల్లెను వెంటబెట్టుకుని వెళ్ళండి. మీ అల్లుడి కాలివాపు తగ్గింది. గౌలిగూడ దుకాణానికి మళ్ళీ పోతున్నారు. ఇంటి కిరాయి పెంచారా అని అడిగారు. ఇంకా పెంచలేదు, నీళ్ళు మాత్రం తగ్గించారు.

చివర్లో మీరు అడిగినదానికి జవాబు రాయడానికే ఆలస్యమైంది. ప్రసన్నకుమార్ చర్చికి వచ్చినప్పుడు మీతో చెప్పాడట. నేను చదువు వచ్చిన మనిషితో రానట్టు నటింపజేసి, వీడియో తీసి, నేనే నేర్పానని చెప్పుకున్నానని. “ఇన్నేళ్ళు రాత్రిబడి నడిపాను, హాజరుపట్టీలో దొంగపేరు ఒక్కటి రాయలేదు. నా బిడ్డ ఈ పని చేసిందా?” అని రాశారు. మొదటినుంచీ చెప్తాను.

ప్రసన్నకుమార్ మీ దగ్గర చదివినవాడే. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఒక సంస్థలో పెద్ద ఉద్యోగి. ఆ సంస్థ తరఫున పెద్దవాళ్ళకు చదువు చెప్పే మా అందరికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. అందులో ఏడాదిగా ఒకటే వాదన. ఏ రాతనైనా ఫోనే చదివి వినిపిస్తుంటే ఈ వయసులో వాళ్ళచేత పలక పట్టించడం దేనికని కొందరు. ఫోను చదివిపెడితే మనిషికి వచ్చిందేముందని మిగిలినవాళ్ళు. నాది ఈ రెండో మాట. అయినా సంస్థ ఇచ్చిన యాప్‌ను క్లాసులో వాడేదాన్ని.

గ్రూపులో ఒక పద్ధతి ఉంది. ఎవరే వాదన చేసినా రుజువుగా వీడియో పెట్టాలి. చేరినరోజు మనిషి తనకేమీ రాదని చెప్పడం ముందు భాగం. కొన్నాళ్ళకు చదివి చూపడం రెండోది. రెండూ అతికించి పెడితే చప్పట్ల బొమ్మలు వస్తాయి.

మా క్లాసులో వీరమ్మ అని ఉండేది. పాలమూరు మనిషి. ఇక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. వార్డులో దుప్పట్లు మార్చి, భోజనాలు అందిస్తుంది. భర్త పోయాడు. మంచం పట్టిన అత్త ఈమె జీతం మీదే బతుకుతోంది. యాప్ ముందు కూర్చుంటే నవ్వేది.

“తప్పు చదివినా శభాష్ అంటది మేడం గీ ఫోను. మా ఆయన ఉన్నన్నాళ్ళు కూర బాగుందని గూడ అనలే.”

ఒక ఆదివారం ఆమెను అబిడ్స్ తీసుకుపోయి, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గర నిలబెట్టాను. వంటల పుస్తకం ఒకటి చేతికి తీసుకుని “కూ... ర... లు, పు... లు... సు... లు” అని కూడబలుక్కుని చదివింది. “గిది నన్నడిగితే నేనే రాద్దును గద!” అంది. పుస్తకాలాయన కూడా నవ్వాడు. అంతా వీడియో తీశాను. ఆ వారం గ్రూపులో వాదన ముదిరింది. చేరినరోజు ఆమె తనకు ఒక్క అక్షరం రాదన్న ముక్కను దీనికి ముందు అతికించి, గెలవాలని పెట్టాను.

ఏడో తరగతి పాసైనవాళ్ళనే దవాఖాన కాంట్రాక్టరు పనిలోకి తీసుకుంటాడనీ, పాసయ్యానని చెప్పే వీరమ్మ చేరిందనీ నాకు తెలియదు. ఆ అబద్ధం బయటపడకముందే చదువు నేర్చుకోవాలని ఆమె నా దగ్గరికి వచ్చింది.

వీడియో చేతులు మారి వాళ్ళ సూపర్‌వైజర్ వెంకీకి చేరింది. అతను ఆయాలందరి ముందూ పెట్టి చూపించాడట.

“ఏంది వీరమ్మా, ఏడు పాసైన అంటివి. గీడ ఒక్క అక్షరం రాదంటున్నవ్. నాకు చెప్పింది అబద్ధమా, మేడంకు చెప్పింది అబద్ధమా?”

ఆ సాయంత్రం వీరమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“చదువు వచ్చినదాన్ని చేస్తనంటివి మేడం. రానిదాన్నని పట్నమంతా చాటిస్తివి.”

వీడియో తీసేస్తానన్నాను.

“నీ ఫోన్ల తీస్తవ్. వెంకీ ఫోన్ల ఎట్ల తీస్తవ్?”

మర్నాడు వెంకీ దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడేమీ కాదు. “నాదేం లేదు మేడం. పైన సారు చూసిండు. ఆమె నౌకరి ఉండాలంటే గా ముందుది ఉత్త యాక్టింగని మీ గ్రూపుల మీరే రాయున్రి. నేను సారుకు చూపిస్త” అన్నాడు.

రాశాను. “ముందు భాగం నటన. నేను చెప్పకముందే ఆమెకు చదువు వచ్చు. వీడియో కోసం నేనే అలా అనిపించాను” అని.

నాన్నా, నేను చేసిన మోసం ఆ వీడియో కాదు, ఈ రాత. చేరిననాడు వీరమ్మకు నిజంగానే ఒక్క అక్షరం రాదు. చేయి పట్టి ‘అ’ దిద్దించింది నేనే.

ఏడాదిగా ఒక్క మాట మీదికి రాని రెండు పక్షాలూ ఆ పూట ఒకటయ్యాయి. నాలాంటివాళ్ళ వల్లే అందరికీ చెడ్డపేరని ఒకరు, నా పాత వీడియోలు కూడా చూడాలని ఒకరు. ప్రసన్నకుమార్ ఫోన్ చేసి “అక్కా, సారు బిడ్డవై గిదేంది?” అన్నాడు. మనిషిని పంపి క్లాసు తాళంచెవి తీసుకుపోయాడు. మిగతా ఆడవాళ్ళను అఫ్జల్‌గంజ్ క్లాసుకు పొమ్మన్నారు. పనిచేసి అలసి అంత దూరం ఎవరు పోతారు? ఎవరూ పోవడం లేదు.

వీరమ్మ నౌకరి నిలిచింది. ఒత్తులు మాత్రం ఆమెకింకా రాలేదు. నా దగ్గరికి వస్తే మళ్ళీ అనుమానపడతారని రావద్దన్నాను. మొన్న స్టేషను ముందు బస్సు కోసం నిలబడితే తోటి ఆయాలతో వస్తూ కనబడింది. “గామె నీ వీడియో మేడం గదనే?” అని ఒకామె అడిగింది.

“ఔ, గామెనే. నాతోని యాక్టింగ్ చేయించింది” అంది వీరమ్మ, నాకు వినబడేటట్టు. అలా అనమని చెప్పింది నేనే. ఆమె తడబడలేదు. నేను బస్సు వచ్చేవైపు చూస్తూ నిలబడ్డాను.

క్రిస్మస్‌కు ప్రసన్నకుమార్ మళ్ళీ ఊరికి వస్తాడు. మీరు నా తరఫున ఒక్క మాట మాట్లాడకండి. మీరు నిజం చెప్తే ఆయన గ్రూపులో పెడతాడు, సాయంత్రానికి అది వెంకీ వాళ్ళ సారు చేతిలో ఉంటుంది. మీకు అబద్ధం ఆడడం చేతకాదని తెలుసు. అయినా ఆయన అడిగితే, మా బిడ్డ మోసం చేసిన మాట నిజమేనని చెప్పండి.

ఇట్లు,
మీ పెద్దబిడ్డ
జయమణి