నాచు మీద చక్రాల గాడి

క్లౌస్తుర్ ఊరికి తూర్పున ఉన్న హ్రీసార్ పొలంలో కాపురముంటున్న హాల్బెరా తోర్‌గ్రిమ్స్‌దోత్తిర్ అను నేను, వయస్సు డెబ్బై రెండు, కొండ బాటలు చదును చేసే యంత్రాన్ని ముప్ఫై ఒక్కేళ్లు నడిపి విరమించినదానను, బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, తాగి ఉండక, ఎవరి ఒత్తిడికీ లోబడక, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఏదీ రాయలేదు గనుక రద్దు చేయవలసినదీ ఏదీ లేదు.

ఒత్తిడి లేదన్నాను గానీ కాస్త ఉంది. వచ్చే నెల మోటారు సైకిలుతో ఓడెక్కి, డెన్మార్క్‌లో దిగి, అక్కడి నుంచి మొరాకో ఎడారి అంచు దాకా పోతానని చెప్పినప్పుడు నా కూతురు రన్‌వెయిగ్ ఫోనులో ఓడ ఏ రోజుదో రెండుసార్లు అడిగింది. తర్వాత, "పోతే పో అమ్మా, చెబితే వినే రకమా నువ్వు? కాగితం రాసి మరీ పో," అంది. రాస్తున్నాను. చెయ్యి రాస్తోంది గానీ కాళ్లు మాత్రం బల్ల కింద ఊరుకోవడం లేదు.

ఒకటో నిబంధన. ఇల్లు, ఇంటి వెనక షెడ్డు, పొలంలో నా సగం వాటా, బ్యాంకులో ఉన్నదంతా నా తదనంతరం నా ఏకైక కుమార్తె రన్‌వెయిగ్‌కు సర్వహక్కులతో చెందవలసినది. అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. పుల్లటి కాడల రబర్బ్ మడిని మాత్రం దున్నించవద్దు. చిన్నప్పుడు నేను వారాల తరబడి కొండ మీద యంత్రంతో ఉంటే, ఆ పిల్ల పక్కింట్లో తిని, పక్కింట్లో పడుకుని, నేను దిగి వచ్చిన రోజున ఆ మడి దగ్గర నిలబడి ఎదురుచూసేది. అప్పుడు ఒక్కసారి కూడా అలగలేదు. ఇప్పుడు అలుగుతోంది, ఆ హక్కు దానికి ఉంది.

రెండో నిబంధన. షెడ్డులోని నీలం మోటారు సైకిలు, దాని గుడ్డ సంచులు, అదనపు ట్యూబులు, క్లచ్ లివరు, బ్రేకు లివరు, పనిముట్ల చుట్ట, అన్నీ క్లౌస్తుర్ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్న డాగ్నీకి చెందవలసినవి. చుట్టం కాదు. అయినా దానికే.

కారణం రాస్తాను, తర్వాత ఎవరూ గొణగకుండా. మూడేళ్ల కిందట డాగ్నీ కొత్త బండి కొని చూపించడానికి వచ్చింది. ఏనుగంత ఉంది. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు, ముందు నాలుగు దీపాలు. ఎలా ఉందని అడిగితే, "బాగుంది, పడెయ్," అన్నాను. అర్థం కాక నవ్వింది. "పడెయ్ అంటే పడెయ్యడమే. ఇదిగో, ఈ గడ్డి మీద. ఇప్పుడు ఒక్కదానివే లేపు." పడేసింది. అరగంట పెనుగులాడింది. నేను గడప మీద కూర్చుని కాఫీ తాగుతూ చూశాను. ఆఖరికి కళ్లనీళ్లు పెట్టుకుని, "నీకు మనసనేది లేదు పెద్దమ్మా," అంది. ఇద్దరం కలిసి లేపాం. నెల తిరక్కముందే దాన్ని అమ్మేసి, సగం బరువున్న బండి తోలుకుంటూ వచ్చి, దిగీ దిగగానే చెప్పకుండానే దాన్ని గడ్డి మీద పడేసి, లేపి చూపించింది. ఆ రోజే అనుకున్నాను, నా బండి దీనికేనని.

కాబట్టి డాగ్నీకి ఇది ఆస్తితో పాటు చెందే మాట. ఒంటరిగా లేపలేని బండి నీది కాదు. నీకు లొంగే బండే నిన్ను దూరం తీసుకుపోతుంది. రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఇంజిను బలం పెట్రోలు బంకు దగ్గర గొప్పలు చెప్పుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఒక్కసారి నింపితే మూడు వందల కిలోమీటర్లు పోవాలి, నీ సంచిలో ఉన్న పానాలతోనే విప్పగలగాలి, అంతకంటే ఏమీ అడగకు. రాళ్ల బాట వస్తే లేచి నిలబడు, టైర్లలో గాలి తగ్గించు, హ్యాండిలు గట్టిగా పట్టుకోకు, బండి దారి బండి వెతుక్కుంటుంది. నీ చూపు పోవాలనుకున్న చోట ఉండాలి. రాయిని చూశావో రాయి మీదికే పోతావు. సామాను మొదట అనుకున్నదాంట్లో సగం సర్దుకుని, అందులో మళ్లీ సగం ఇంట్లో వదిలెయ్. ఇక వాగు. నడిచి దాటి చూడని నీళ్లలోకి బండి దించవద్దు. నడవడానికి భయమేస్తే ఆ రోజుకు ఆ వాగు నీది కాదు. గుడారం వేసుకుని పడుకో, తెల్లారేసరికి నీళ్లు తగ్గుతాయి. షరతు ఒక్కటే, ఈ బండిని ఏటా కనీసం ఒక్కసారైనా ఓడ ఎక్కించాలి. దుప్పటి కప్పి షెడ్డులో పెట్టడానికైతే ఇవ్వడం లేదు.

మూడో నిబంధన. గుడారం, పొయ్యి, దారి పటాలు పశువైద్యుడు ఓస్సుర్‌కు. ఈ వీలునామాను అమలుపరచవలసినవాడూ ఇతడే. ఎప్పటికైనా దూరప్రయాణం పోతానని ఇరవై ఏళ్లుగా అంటున్నాడు. ఇక సాకు ఉండదు.

కొండరాజు బౌర్దుర్‌కు నా ఆస్తిలో ఏమీ లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను, కొండరాజు అంటే కిరీటం ఉన్నవాడేమీ కాదు. సెప్టెంబరులో మా రైతులంతా కలిసి కొండెక్కి, వేసవంతా విడిగా తిరిగిన గొర్రెలను తోలుకొచ్చేటప్పుడు ముందు నడిచి, ఎవరు ఏ లోయకు పోవాలో చెప్పేవాడు. రైతులే ఎన్నుకుంటారు. బౌర్దుర్ పదిహేనేళ్ల కిందట నా టైరు లివరు అడిగి తీసుకుపోయాడు. మనిషి మంచివాడు. మంచివాడు కావడమే నాకు కష్టంగా ఉంది, ఎందుకో కింది నిబంధనలో తెలుస్తుంది. లివరు మాత్రం డాగ్నీకి తిరిగి ఇవ్వవలసినది.

నాలుగో నిబంధన. ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను. ఒకసారి పోయి గొలుసుకు నూనె పెట్టాను. ఒకసారి చక్రాల్లో గాలి చూశాను, పొద్దున చూసినంతే ఉంది. మూడోసారి ఊరికే షెడ్డు తలుపు తీసి వేశాను.

1986 ఆగస్టులో నేనూ నా తమ్ముడు ఇల్లుగీ రెండు బండ్ల మీద కొండ దాటి ఉత్తర తీరానికి బయలుదేరాం. వాడిది తేలికైన పాత బండి. నాది కొత్తది, నేను మోజుపడి కొన్నది, నాకంటే మూడు రెట్ల పైనే బరువు. బూడిదవాగు పొంగి ఉంది. వాడు బూట్లతోనే దిగి, నడుం లోతు నీళ్లలో అవతలి దాకా పోయి వచ్చి, "అక్కా, ఎడమ పక్కన బండరాళ్లు, కుడి పక్కన ఇసుక. దిగి చూస్తే గానీ తెలీదు, రా," అని పిలిచాడు. నేను దిగలేదు. నీళ్లలో పడితే లేపలేనని నాకు తెలుసు, ఆ మాట తమ్ముడితో అనలేకపోయాను. "పైన ఇంకో దాటు ఉంటుందిలే," అని బండిని బాట వదిలించి, నాచు పట్టిన వాలు మీదికి తిప్పాను.

బాట వదిలి చక్రం దింపడం ఇక్కడ నేరం. ఆ వాలు మీది నాచు బెత్తెడు మందం పెరగడానికి ఎన్ని తరాలు పట్టిందో మాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బాటల మీద యంత్రం నడిపి జీతం తీసుకునే నాకు అందరికంటే బాగా తెలుసు. రెండు వందల అడుగులు పోయాక చక్రం దిగబడింది. ఇద్దరం కలిసి వెనక్కి లాగేసరికి ఆ గాడి రెట్టింపు వెడల్పయింది. కింద నల్లమన్ను కనబడింది.

మరుసటి వారం బౌర్దుర్ గుర్రం మీద పోతూ అది చూశాడు. రైతులంతా కూడారు. ఆ సభకు పోయే దారిలోనే ఇల్లుగి నాతో అన్నాడు, "నీకు కూతురుంది, ఉద్యోగముంది. నాకు గొర్రెలున్నాయి. అవి నన్ను పనిలోంచి తీసెయ్యవులే." సభలో లేచి, "ఆ గాడి నా బండిదే," అన్నాడు. నేను మూడో వరుసలో కూర్చుని కాఫీ గ్లాసులోకి చూశాను.

ఆ మరుసటేడు పాత కొండరాజు దిగిపోయాడు. ఆ పని అంతకు ముందు మా తాత చేశాడు, మా నాన్న చేశాడు, తర్వాత ఇల్లుగేనని అంతా అనుకునేవారు. వాడికి ఆ కొండ మీద ప్రతి పగులూ తెలుసు, ఏ గొర్రె ఎక్కడ నక్కుతుందో చూడకుండా చెప్పగలడు. ఆ సభలో ఒక ముసలాయన లేచి, "నాచు మీద బండి తోలినోడి చేతికి కొండ ఎట్టా ఇస్తామయ్యా," అన్నాడు. బౌర్దుర్‌ను ఎన్నుకున్నారు. అప్పటి నుంచి ప్రతి సెప్టెంబరులోనూ నా తమ్ముడు మంద చివర, కుంటి గొర్రెల వెనక నడుస్తున్నాడు. ముప్ఫై ఏడేళ్లు.

ఇంకా ఉంది. ఏటా జూన్‌లో, కొండ కాపలావాళ్ల అనుమతితోనే, నేను ఆ వాలు దగ్గరకు పోయి, పలుచటి పెరుగులో నాచు నలిపి, మళ్లీ మొలిచేందుకు ఆ గాడిలో పూస్తున్నాను. కొన్నిచోట్ల పట్టింది, కొన్నిచోట్ల పట్టలేదు. దానికి చర్చి మెట్ల మీద నాకు వచ్చిన పేరు ఏమిటంటే, "తమ్ముడి తప్పును అక్క కడుగుతోంది, ఎంత మంచి మనిషో." ఆ మాట చెవిన పడింది. కాదనలేదు. ఇది రాస్తుంటే చెవులు మండుతున్నాయి. సిగ్గుగా ఉంది.

వాడు ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. దాని మీద కూడా నాకు కోపమే. నన్ను అడగకుండానే క్షమించేశాడని లోపల రగిలిపోయాను. ఒక్కసారి తిట్టి ఉంటే ఆ పౌరుషానికైనా నిజం చెప్పేదాన్ని అనుకున్నాను. అదీ సాకే.

అందువల్ల, నా తదనంతరం, ఓస్సుర్ ఈ నాలుగో నిబంధనను దొడ్డి రోజున, కొండ దిగిన మందను ఎవరి గొర్రెలు వారికి విడదీసే వేళ, రైతులందరూ వినేలా బిగ్గరగా చదవవలసినది. నా బైనాక్యులర్లు ఇల్లుగికి ఇవ్వవలసినవి.

ఐదో నిబంధన. పైన రాసిన చివరి రెండు వాక్యాలు కొట్టివేయడమైనది.

నిన్న పొట్టేలుకు సూది వెయ్యడానికి ఓస్సుర్ వస్తే చిత్తుప్రతి చేతిలో పెట్టాను. నిలబడే చదివి, "తదనంతరం అంటే ఎప్పుడు హాల్బెరా? నీ వాలకం చూస్తే తొంభై దాటేట్టున్నావు. ఇల్లుగి ఊపిరితిత్తుల సంగతి నీకు తెలీదా?" అన్నాడు. తెలుసు. ఈ ఏడు కొండెక్కడమే ఆఖరని డాక్టరు చెప్పాడట. వచ్చే సెప్టెంబరుకు కొండ మాట అటుంచి, నా గేటు దాకా నడవగలడో లేడో. వీలునామా రాయమని కూతురు అన్నప్పుడు నాకు ఎందుకంత తేలికనిపించిందో అప్పుడు తెలిసింది. నేను చచ్చాక ఇంకొకరి నోటితో చెప్పించడం అంటే, నీళ్లలో దిగకుండా మళ్లీ పైదారి వెతకడమే.

కాబట్టి ఆ మాట వచ్చే శనివారం, దొడ్డి గోడ ఎక్కి, నా నోటితో నేనే చెబుతాను. బైనాక్యులర్లు ఈ రోజే నా చేత్తో ఇస్తాను.

ఆరో నిబంధన. వీలునామా వల్ల లాభం పొందేవారు దానికి సాక్షి సంతకం పెట్టకూడదని ఓస్సుర్ చెప్పాడు. అందుచేత ఇందులో ఇల్లుగికి ఒక్క మేకు కూడా ఇవ్వడం లేదు. నాకు వాడు వారసుడిగా అక్కర్లేదు, సాక్షిగా కావాలి. ఇంకో సాక్షి బౌర్దుర్. ఇద్దరూ మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదివిన తర్వాతే సంతకం పెట్టాలి. చదవకుండా పెట్టిన సంతకం చెల్లదు, ఈ షరతు చట్టానిది కాదు, నాది. పెట్టదలిస్తే తమ మాట కూడా రాయవచ్చు.

ఇద్దరినీ మూడింటికి కాఫీకి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. పొగబెట్టిన గొర్రె మాంసం కోశాను, రొట్టెలు కాల్చాను. రెండున్నర అయింది. బండికి పెట్రోలు నిండా ఉంది, గేటు తెరిచి ఉంది, ఇప్పుడే పోతే సాయంత్రానికి తూర్పు రేవు చేరతాను. నా ఓడ వచ్చే నెల గానీ లేదు, అయినా కాళ్లు అటే లాగుతున్నాయి. వాళ్లు చదువుతున్నంత సేపూ షెడ్డులోకి పోను. గొలుసు చూడను, గాలి చూడను. ఇక్కడే, ఈ కుర్చీలోనే, వాళ్ల ముఖాలు కనిపించేలా కూర్చుంటాను.

ఇది నా ఇష్టప్రకారం రాసిన నా చివరి మాట, ఇంకా కొన్నాళ్లు బతకాలనే ఉన్నా.

తేది: 8 సెప్టెంబరు 2024, ఆదివారం
స్థలం: హ్రీసార్

(సంతకం) హాల్బెరా తోర్‌గ్రిమ్స్‌దోత్తిర్

సాక్షులు:

1. బౌర్దుర్ ఎయొల్ఫ్‌సన్, రైతు. చదివాను. మంగళవారం కొండెక్కేటప్పుడు ముందు ఇల్లుగి నడుస్తాడు, నేను వెనక వరుసలో ఉంటాను. ఇందుకు ఎవరి అనుమతీ అడగను.

2. ఇల్లుగి తోర్‌గ్రిమ్‌సన్, రైతు. రెండుసార్లు చదివాను. అక్కా, నేను మాట్లాడకపోవడం నిన్ను క్షమించి కాదు. నువ్వే చెబుతావని ప్రతి ఏడూ దొడ్డి దగ్గర నీ వంక చూశాను. ఈ శనివారం కూడా చూస్తాను.