నిస్సి నొప్పికి నీ సాక్ష్యం

మెదక్,
మంగళవారం పొద్దున

నాయనా సాల్మన్ రాజూ,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని అడగకు. నోటితో చెబితే మధ్యలోనే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడతావు. కళ్ళు మూసుకుని ఉత్తరం చదవలేవు కదా.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం చర్చిలో లేచి, నెలసరి అనే మాట నోట రాక, నీ కూతురి 'కడుపునొప్పి' మాయమైందని సాక్ష్యం చెప్పావు. సంఘమంతా హల్లెలూయా అంది. అప్పటి నుంచి నిస్సి నొప్పి వచ్చినప్పుడల్లా బాత్రూంలో నల్లా తిప్పి, నోట్లో తువ్వాలు కుక్కుకుంటోంది. ఎందుకే అని నిన్న అడిగాను. "డాడీ సాక్ష్యం అబద్ధమైతది కదా నానమ్మా" అంది.

హైదరాబాద్ డాక్టరమ్మ స్కాన్ చూసి అరగంట వివరించింది. నువ్వు ఫోన్ చూసుకున్నావు, నేను విన్నాను. దాని పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట మొలిచింది. నెలనెలా అదీ ఉబ్బుతుంది, రక్తం కారుతుంది, ఆ రక్తానికి బయటికి దారి లేదు. అండాశయం మీద గడ్డ కట్టి, పేగును పట్టి అతుక్కుంది. ఎందుకు వస్తుందో ఇంకా పూర్తిగా తెలియదట. పాపం వల్లనని మాత్రం ఆమె అనలేదు. చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ గడ్డనూ అతుకులనూ తీస్తారు, గర్భసంచి జోలికి పోరు. మళ్ళీ రావచ్చని కూడా దాచకుండా చెప్పింది.

దానికి నీ జవాబు: "పెండ్లయితే అదే తగ్గుతదమ్మా. ఆపరేషనంటే సంబంధాలు రావు." పెళ్ళే మందైతే డాక్టరమ్మ చీటీ మీదే రాసేది, రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత.

కోపం నీ ఒక్కడి మీదే కాదు. పద్నాలుగేళ్ళప్పుడు నిస్సి మెలికలు తిరుగుతుంటే "మేమందరం ఓర్చుకోలేదా?" అన్నది నేనే. ముప్ఫై ఏళ్ళు సైన్సు టీచరునై, గర్భసంచి, నెలసరి పాఠం రాగానే "ఇంటికాడ చదువుకోండ్రి" అని పేజీ తిప్పింది నేనే. నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళప్పుడు గర్భసంచి తీసేశారు. ఎందుకో డాక్టర్లు చెప్పలేదు, నేను అడగలేదు. నొప్పి మాత్రం పోలేదు. నీకు తమ్ముడు లేకపోవడం దేవుడి చిత్తమని ఇన్నాళ్ళూ నీకు అబద్ధం చెప్పాను.

రేపు ఉదయం నిస్సికి ఆపరేషన్. ఇరవై మూడేళ్ళది, సంతకం తనే పెట్టింది. నువ్విది చదివే సమయానికి మేమిద్దరం నర్సాపూర్ దాటి ఉంటాం.

నీకు కోపం రాకుండా రాయమని బతిమాలింది. నేను రాయను. కోపం తెచ్చుకో. కానీ ఆస్పత్రికి వచ్చి, దాని మంచం పక్కన నిలబడి తెచ్చుకో.

నీ అమ్మ,
రాజమణి