సుధామణి అక్క బల్లను ఎవరూ సర్దరాదు

కీర్తిశేషులు ఇశ్రాయేలు గారి రెండవ కుమారుడు బెన్నీ అనే నేను, వయసు ఇరవై ఏడు, బి.కాం., గవర్నర్‌పేటలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపులో భాగస్వామిని. పుట్టుకతో పనిచేయని కాళ్లతోను, అవసరానికి మించి పనిచేసే నోటితోను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి ఈ వీలునామా రాస్తున్నాను. తెలివి సంగతిలో అన్నయ్యకు అనుమానాలున్నాయి. డాక్టరు గారికి లేవు. ఎల్లుండి నా వెన్నెముకకు ఆపరేషన్ చేసేది ఆయనే గనుక ఆయన మాటే చెల్లుతుంది.

1. నా సొంతమైన షాపు గది, వ్యాపారంలో నా సగం వాటా, నా భాగస్వామి సుధామణి అక్కకు చెందాలి. అక్కకు చూపు లేదు. కాలిపోయిన మోటారుకు వేళ్లతో లెక్కపెట్టుకుంటూ కొత్త తీగ చుడుతుంది. ఒక్క చుట్టు తేడా వచ్చిన రోజు ఈ ఆరేళ్లలో లేదు. మిక్సీ తిరిగే చప్పుడు విని, బేరింగ్ పోయిందో, ఇంట్లో పసుపుకొమ్ములు వేసి చంపారో చెప్పేస్తుంది. నేను బిల్లులు రాస్తాను, కబుర్లు చెబుతాను. రెండోది ఉచితం.

2. అన్నయ్య జాన్సన్‌కు నా మూడు చక్రాల స్కూటరు, దానితోపాటు నా క్షమాపణ. గది తనకొస్తే జ్యూస్ షాపు పెట్టి, అక్కను కూర్చోబెట్టి పోషిస్తానన్నాడు. ఆవిడ కూర్చునే మనిషి కాదన్నయ్యా. నిరుడు నేను ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఒక్కతే షాపు నడిపింది. ఎవరి మిక్సీ ఏదో తెలియడానికి వైర్లకు ముడులు వేసుకుంది.

3. ఇది నా నేరాంగీకారం. తిరిగొచ్చిన రోజు, అక్కను మెప్పిద్దామని, ఆవిడ రాకముందే ముడులన్నీ విప్పి, స్క్రూడ్రైవర్లు సైజులవారీగా సర్దాను. అక్క వచ్చి బల్లంతా తడుముకుంది. నేను నవ్వుతూ సారీ చెప్పాను.

"నీ కుర్చీ చక్రాలు ఊడదీసి అటక మీద నీటుగా పెడితే నీకెలా ఉంటుందిరా బెన్నీ?" అంది.

కావున అక్క అడగనిదే ఆ షాపులో పిన్నీసు కూడా ఎవరూ కదపరాదు. సాయం చేద్దామని వచ్చేవాళ్లు మరీను.

4. ఎదురు టీకొట్టు ఆదెమ్మ గారికి నా గొడుగు. మమ్మల్ని చూసి పాపం అనకుండా, మిక్సీ ఇంకా కాలేదా అని తిట్టిన మొదటి మనిషి ఆవిడ.

5. షాపులో తలుపు పక్కన నా చక్రాల కుర్చీ ఆగే చోటుంది. నేను లేని రోజు కూడా అక్క దాని చుట్టూ తిరిగే నడుస్తుంది. నేను తిరిగొస్తే ఆ చోటు నాదే, ఈ కాగితం చింపేస్తాను. రాకపోతే, దాన్ని కూడా ఎవరూ సర్దకూడదు.

విజయవాడ, 19 ఆగస్టు 2024
(సంతకం) బెన్నీ

నా కళ్లెదుట, నవ్వు ఆపుకుని సంతకాలు చేసిన సాక్షులు:
1. అంతోని, పక్క స్టేషనరీ షాపు
2. యేసుకుమార్, వకీలు