మూత మూసిన ట్యాంకు

మార్చి 9, మధ్యాహ్నం

చిరంజీవి పట్టకారుకు,

పెదనాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ పెద్దమ్మ మోకాళ్లు క్షేమం, నా బీపీ క్షేమం. నువ్వు అలిగి వెళ్లిన ఈ నాలుగు నెలల్లో నేను మాత్రం క్షేమంగా లేను. ఆ ముద్దుపేరుతో పిలిచే హక్కు నాకింకా ఉందో లేదో తెలియదు. పొద్దస్తమానం చేతిలో పట్టకారుతో తిరిగే పిల్లను వేరే ఏమని పిలవను?

నువ్వు బొమ్మలు అతికించే బల్ల అలాగే ఉంది. రంగు సీసాల మూతలు నేనే బిగించాను. పెద్దమ్మ దుమ్ము దులపబోతే దాని జోలికి వెళ్లవద్దని కసురుకున్నాను. ఆవిడ ఊరుకుంటుందా, ఆ రోజు ఈ ప్రేమంతా ఎక్కడ పెట్టి తాళం వేశావని అడిగింది.

ఆ రోజు సంగతే రాయాలి. సైన్యంలో నేనూ మీ నాన్నా కలిసి పనిచేసిన పాత యుద్ధట్యాంకు బొమ్మ ముక్కల కిట్టు కొని, అచ్చుగుద్దినట్టు అతికించావు. గొలుసు చక్రాల మీద బురదా, పక్కన వేలాడే బకెట్టూ కూడా వదల్లేదు. పైన మాత్రం కిట్టులో లేని ఈ కాలపు మెషీన్‌గన్ బిగించావు. లోపల కూర్చుని, తెర మీద చూస్తూ పేల్చే రకం. పైమూతను జిగురుపెట్టి మూసేశావు. ఇక ఎవరూ తల బయట పెట్టనక్కర్లేదని నవ్వుతూ నా చేతికిచ్చావు.

నేనేం చేశాను? ఆ కాలంలో ఇలాంటి తుపాకీ ఎక్కడేడిసిందని అరిచాను. కత్తిమొనతో మూత పెకలించాను. మూడు వారాలు కూర్చుని సూదంత గొట్టాలతో నువ్వు చేసిన తుపాకీ విరిగి నేలమీద పడింది. నువ్వు ఏడవలేదు. మా నాన్న బొమ్మలోనైనా లోపల కూర్చోకూడదా అని అడిగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయావు.

ఆ మాట నన్ను తినేస్తోంది తల్లీ. యుద్ధంలో మూతలోంచి తల బయటపెట్టి చూస్తుండగా మీ నాన్నకు తూటా తగిలింది. అప్పటికి నువ్వు పాలు తాగే పిల్లవి. అడిగినప్పుడల్లా నీకు ఒకటే చెబుతూ వచ్చాను. వాడే ముందుకొచ్చి పైన నిలబడ్డాడని, మొండిఘటమని, ఎవరి మాటా వినేవాడు కాదని. నువ్వు కళ్లు పెద్దవి చేసుకుని వినేదానివి.

విరిగిన ముక్కలు మంచం కింద దూరి మరీ ఏరాను. చేతులు వణుకుతాయి కదా, తుపాకీ కాస్త వంకరగా అతుక్కుంది. మూత మాత్రం గట్టిగా మూశాను. ట్యాంకును ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నవ్వుకో, తిట్టుకో. రాకపోయినా ఒక్క ముక్క రాయి.

నీ రాక కోసం వీధి వైపే చూస్తూ,
పెదనాన్న

తా.క. నా కోపం తుపాకీ కాలం తప్పినందుకు కాదు. అలాంటిది ఉండి ఉంటే వాడు బతికేవాడని చూడగానే తెలిసింది. ఆ సాయంత్రం తల బయటపెట్టి చూసే వంతు నాది. వానకు తడిసి మెడ పట్టేసిందని, కాసేపు నా బదులు వాడిని పైకి లేవమన్నాను. మారు మాట్లాడకుండా లేచాడు. నా మాట వాడెప్పుడూ కాదనలేదు.