అద్దం కింద పెట్టె

మా ఆయన టైల్స్ మేస్త్రి గారికి,

ఫోనులో అడిగితే నవ్వేసి మాట మారుస్తారు. అందుకే రాస్తున్నాను.

మీరు పని మీద ఊరు వెళ్ళిన మర్నాడు అద్దం కింది అరలో ఒక పెట్టె కనబడింది. హైలురోనిక్ యాసిడ్ మాత్రలు. పెట్టె మీద నున్నటి చెంపల అమ్మాయి, పక్కన ‘చర్మానికి నిగారింపు, ముడతలకు సెలవు’ అని పెద్ద అక్షరాలు. నేను రోజంతా పార్లర్‌లో అద్దం ముందే నిలబడతాను. కుర్చీలో పడుచుపిల్ల ముఖం, దాని పైన నా ముఖం. కళ్ళ కింద గీతలు ఎప్పుడొచ్చాయో నాకు తెలుసు. మీరు కూడా చూస్తున్నారని మాత్రం తెలియదు.

నోటితో చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, అంతటితో అయిపోయేది. ఒక్క మాటైనా చెప్పకుండా అక్కడ పెట్టి వెళ్ళడం నాకు చాలా కష్టంగా ఉంది. మాత్రలు మాత్రం మింగుతున్నాను, కోపంతోనే. నెలాఖరుకు వస్తానన్నారు కదా, అప్పటికి నేను మా అక్క దగ్గర ఉంటాను. నున్నటి ముఖం కావాలంటే ఆ పెట్టె మీద అమ్మాయిని చూసుకోండి.

మీరు ముద్దుగా పిలిచే
కత్తెర


నా కత్తెరకు,

నీ ఉత్తరం చదువుతుంటే తోటి మేస్త్రి, “ఏంట్రా, ముఖం అలా మాడిపోయింది?” అన్నాడు. “నా మందు మా ఆవిడ మింగేస్తోందిరా,” అన్నాను.

ఆ పెట్టె నాది. పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాల్లో ‘కీళ్ళకు కూడా’ అని ఉంది, చూడలేదా? కొన్నాళ్ళుగా మోకాళ్ళ మీద కూర్చుంటే గోడ పట్టుకుంటే గాని లేవలేకపోతున్నాను. ఇక్కడ నిలబడి టైల్స్ కోసేది నేను, కూర్చుని వేసేది ఆ తోటి మేస్త్రి. “ఈ మాత్రలతో కొందరికి కాస్త తెరిపిగా ఉంటుంది, కొందరికి ఉండదు. ముందు మోకాళ్ళకు విశ్రాంతి ఇవ్వండి,” అంది డాక్టరమ్మ. విశ్రాంతి సంగతి నీతో చెప్పలేక మాత్రలు కొన్నాను. నువ్వు నన్ను మొదట చూసింది మీ పార్లర్‌లో నేల మీద మోకాళ్ళపైనే కదా. అప్పుడే వేసిన టైలు మీద కాలు పెట్టి నాచేత తిట్లు తిన్నావు. మోకాళ్ళు వంగని మేస్త్రి నీ కంటికి ఎలా ఆనతాడోనని భయపడ్డాను.

కళ్ళెదుట ఉంటే మరచిపోనని పెట్టెను అద్దం కింద పెట్టాను. బయలుదేరే పొద్దున నువ్వు అక్కడ జుట్టు దువ్వుకుంటున్నావు. మళ్ళీ ఎన్నాళ్ళకో అని నిన్నే చూస్తూ నిలబడ్డాను. పెట్టె గుర్తే రాలేదు. ఇక్కడికొచ్చి సంచంతా వెతికాను. నిన్ను అడిగితే బయటపడతానని నోరు మూసుకున్నాను.

మీ అక్క దగ్గరికి వెళ్ళకు. నువ్వు లేని ఇంటికి వచ్చి నేనేం చేయను?

నీ
మేస్త్రి


నా పిచ్చి మేస్త్రికి,

మీ ఉత్తరం పార్లర్‌లోనే చదివాను. కుర్చీలో ఉన్నావిడ “ఏమైందమ్మా?” అంటే కంట్లో వెంట్రుక పడిందన్నాను.

అక్క దగ్గరికి వెళ్ళడం లేదు. శనివారం మీ దగ్గరికే వస్తున్నాను. పెట్టెలో సగం మాత్రలు మిగిలాయి, తెస్తాను. నా ముఖంలో ఒక్క గీత కూడా తగ్గలేదు కాబట్టి వాటి మీద మరీ ఆశ పెట్టుకోకండి. డాక్టరమ్మ మాట వినండి. నిలబడి టైల్స్ కోసేవాడూ మేస్త్రే. నేను పెళ్ళాడింది మీ మోకాళ్ళను కాదు.

ఆ పొద్దున మీరు నా వెనక నిలబడి ఉండటం అద్దంలో నాకూ కనబడింది. పెట్టె చూశాక, నా గీతలు లెక్కపెట్టారనుకున్నాను.

బస్సు దిగే చోటికి రండి. ఈసారి ఎదురుగా నిలబడి చూద్దురుగాని.

మీ
కత్తెర