నా కాలి సంగతి

బెజవాడ ఆసుపత్రి నుంచి,
1946 ఫిబ్రవరి.

చిరంజీవి భావనారాయణను అమ్మ సుబ్బరత్నం దీవించి రాస్తున్న సంగతులు. ఇంటి దగ్గర అందరూ క్షేమం. నువ్వూ కోడలు శివపార్వతీ షోలాపురంలో క్షేమమని తలుస్తాను. క్షేమం మాట రాయాలి గనుక రాశాను. నాకు మాత్రం నీ మీద ఒళ్లు మండిపోతోంది.

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ఇన్నాళ్లూ మీ చిన్నాన్న జక్కయ్య చేత రాయించేదాన్ని. ఈసారి మంచం మీద కూర్చుని నేనే రాస్తున్నాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నువ్వడిగినవాటికి ముందు జవాబు. నూలు కంట్రోలు ఇంకా అలాగే ఉంది. కార్డు మీద ఇచ్చే నూలు చాలక వారంలో సగం రోజులు మగ్గం ఊరికే ఉంటోంది. గేదె ఈనింది, పెయ్యదూడ. ఇక "అమ్మ కాలి కురుపు మానిందా" అని చిన్నాన్నని అడిగావు. కాలు నాదైతే ఆయన్నెందుకు అడిగావురా?

కార్తీకంలో మీ చిన్నాన్న నన్ను ఉయ్యూరులో ఒక డాక్టరుకు చూపించాడు. ఆ డాక్టరు నా కాలివేలు చూసి, మూత్రం పరీక్ష చేసి, నన్ను అరుగు మీద కూర్చోమని మీ చిన్నాన్నతో లోపల మాట్లాడాడు. ఈయన బయటికొచ్చి, "ఏం లేదొదినా, వేడికురుపు. మానిపోద్దిలే" అన్నాడు. నేను నమ్మాను.

వేడి చేసిందంటే మన వైపు ఏం చేస్తారో నీకు తెలియంది కాదు. మీ పిన్ని సీతారావమ్మ రోజూ గానుగ దగ్గరికి పోయి చెంబుడు చెరుకురసం పట్టుకొచ్చేది. "తాగక్కా, చలవ చేస్తది" అని దగ్గర కూర్చుని తాగించేది. దాహంగా ఉందంటే ఇంకో గ్లాసు పోసేది. నేను తాగుతూనే ఉన్నాను, వేలు నల్లబడుతూనే ఉంది. ఆమెను పల్లెత్తు మాట అనకు. అసలు సంగతి మీరు ఆమెకూ చెప్పలేదు. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదని మీ చిన్నాన్న భయం.

ఒకనాడు ఆయన కంకిపాడులో బట్టలమ్ముకుని పెందలాడే ఇంటికొచ్చాడు. నా చేతిలో చెంబు చూసి, లాక్కుని వాకిట్లో పారబోశాడు. "చంపుతావేంటే ఆమెని" అని పెళ్లాం మీద అరిచాడు.

"అదేంది జక్కయ్యా, చెరుకురసమేగా" అన్నాను.

నిజం చెప్పేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని నేను మొండికేస్తే అప్పుడు కక్కాడు. చక్కెర జబ్బట. నాకు తీపి విషంతో సమానమట. ఉయ్యూరు డాక్టరు ఆనాడే చెప్పాడట. ఆ సంగతి నీకు రాస్తే, "అమ్మకు చెప్పొద్దు, బెంగపెట్టుకుంటుంది" అని నువ్వు జవాబిచ్చావట.

బెంగట. నిన్నెవడడిగాడురా? మీ నాన్న పోయిన నెలలోనే మగ్గం గుంటలోకి దిగి నిన్ను సాకినదాన్ని. ఒక జబ్బు పేరు వింటే గుండాగి చస్తానా? తెలిసుంటే ఆనాడే నోరు కట్టుకునేదాన్ని, ఇంతదాకా వచ్చేది కాదేమో. నీ ప్రేమ తగలెయ్యా.

ఇక ఇంతవరకూ నీకు చెప్పనిది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా బొగ్గుతో నడిచే బస్సెక్కి ఇక్కడికి వచ్చేశాను. "ఏదైనా నాతోనే చెప్పండి, వింటాను" అన్నాను డాక్టరు గారితో. చెప్పారు. రెండు వేళ్లు తీసెయ్యాలట. ఆలస్యమైతే పాదం, ఇంకా ఆలస్యమైతే ప్రాణం. ఆ పైన రోజూ ఇన్సులిను సూది పడాలి, తినే అన్నం కూడా తగ్గించాలి.

"సంతకానికి మగదిక్కు ఎవరన్నా వచ్చారా అమ్మా?" అంది నర్సు శౌరమ్మ.

"కాలు నాదేనమ్మా. సంతకం కూడా నేనే పెడతా" అన్నాను.

డాక్టరు గారు నసిగారు. "మీ అబ్బాయికి రాద్దాం, జవాబు రానివ్వండి" అన్నారు. వాడి జవాబు నాకు తెలుసన్నాను. చివరికి ఒప్పుకున్నారు.

వేళ్లు తీసి వారమైంది. భయపడ్డాను, ఏడ్చాను, అబద్ధమెందుకు. కాని ఏం పోతోందో, ఎందుకు పోతోందో తెలిసి ఏడ్చాను. పుండు మానుతోందంటున్నారు. మగ్గం తొక్కడానికి ఈ కాలు పనికొస్తుందో లేదో ఇంటికి వెళ్లాక చూడాలి. మీ చిన్నాన్న ఎలాగో ఆచూకీ తీశాడు, రోజూ వచ్చి గుమ్మం దగ్గర తలొంచుకుని కూర్చుంటున్నాడు. ఆయనతో నేనింకా మాట్లాడలేదు.

మరొక్క మాట. ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డలకు రావచ్చునని డాక్టరు గారు అన్నారు. కిందటిసారి వచ్చినప్పుడు నువ్వు చెంబులకొద్దీ నీళ్లు తాగడం, రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం చూశాను. ఎండల వల్ల అనుకున్నాను. వెంటనే పరీక్ష చేయించుకో. ఈ సంగతి నేను కోడలికి రాసి, "వాడికి చెప్పకు, బెంగపెట్టుకుంటాడు" అనొచ్చు. రాయలేదు. నీకే రాశాను.

ఇట్లు,
కోపం తీరకపోయినా నీ జవాబు కోసం ఎదురుచూసే
మీ అమ్మ,
సుబ్బరత్నం.